వేణ్ణీళ్ల పొయ్యి, వెనుక తొట్టి

వంటకో, గది వెచ్చదనానికో రాజేసిన నిప్పుకు పక్కన గాని, వెనుక గోడలో గాని, పొగ పోయే దారిలో గాని నీటి పాత్రను అమర్చి, ఆ నిప్పు నుంచి వృథాగా పోయే వేడిలో కొంత భాగాన్ని స్నానానికి, గిన్నెలు తోమడానికి, పసుల కుడితికి కావలసిన వేణ్ణీళ్లుగా మార్చుకొనే ఏర్పాటు లోకంలో చాలా చోట్ల ఉంది. బ్రిటన్‌లో దీనికి బ్యాక్ బాయిలర్ అని పేరు. ఈ వ్యాసంలో దానిని వెనుక తొట్టి అని వ్యవహరించడమైనది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాలలో గదిని వెచ్చబెట్టే నిప్పుగూడు ఇళ్లలో కట్టుకొనే అలవాటు లేదు గాని, వంటపొయ్యి సెగతో నీళ్లు కాచుకొనే పద్ధతి అనాదిగా ఉంది. అందువల్ల ఇక్కడ పరిశీలించవలసింది ఇంగ్లీషు గోడలో దాగిన ఇనుప పెట్టెను కాదు, పెరటి పొయ్యిపై మసిబారిన కాగును, దాని తరువాత వచ్చిన రాగి బాయిలర్‌ను, ఉన్న పొయ్యికే మరొక పాత్రను తగిలించే ప్రయత్నంలోని లాభనష్టాలను.

తెలుగులో కాగడం, మరగడం వేరు వేరు మాటలు. నీళ్లు వేడెక్కితే కాగినట్టు, ఉడుకెత్తి ఆవిరి విడిస్తే మరిగినట్టు. స్నానపు నీళ్లు కాచే పెద్ద పాత్రకు కాగు అన్న పేరు ఉండటంలోనే దాని పని ఎంతవరకో సూచన ఉంది. తరువాత వచ్చిన బాయిలర్ అన్న మాట మరిగించేది అనే అర్థం గలది కనుక, ఇంట్లో వాడే పాత్రకు ఆ పేరు నిజానికి సరిపడదు. ఈ తేడా కేవలం నిఘంటువుకు సంబంధించినది కాదని, వెనుక తొట్టి వల్ల జరిగిన ప్రమాదాలు చాలావరకు కాగవలసిన నీటిని మూసిన పాత్రలో మరగనిచ్చినందువల్ల కలిగినవేనని ముందు ముందు తెలుస్తుంది.

ప్రాంతం, వంటచెరకు, నీరు

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఏలూరు కేంద్రంగా ఏలూరు జిల్లా ఏర్పడగా, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా గల పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండిపోయింది. ఈ రెండు పట్టణాలకు దక్షిణాన, కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న పల్లంలో కొల్లేరు విస్తరించి ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన వాగుల నీరు ఇందులోకి చేరి, ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి పోతుంది. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో రామ్‌సార్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు చుట్టూ ఉన్న లంక గ్రామాలలో పొయ్యి ఎక్కడ వేయాలన్నది వరద నీటి మట్టాన్ని బట్టి కూడా నిర్ణయమవుతుంది. నేలలో పాతిన మట్టిపొయ్యి వరద వస్తే కరిగిపోతుంది కాబట్టి, ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోగల పొయ్యి అటువంటి చోట విలువైనది. గోడలో కట్టిన తొట్టి అటువంటి ఇంటికి మొదటి నుంచీ పొసగదు.

1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని నుంచి వచ్చిన కాలువలు ఈ నేలను వరిసీమగా మార్చడంతో వంటచెరకు స్వభావం కూడా మారింది. అడవి కట్టె అందని పల్లంలో ఇంటి నిప్పుకు ఆధారం పొలము, పెరడు, పశువుల కొట్టం: ఊక, పిడకలు, కొబ్బరి మట్టలు, కొబ్బరి డొక్కలు, తాటిమట్టలు, కంది కంప, తీరం వైపు నుంచి వచ్చే సరుగుడు కట్టె, కోత మిల్లుల రంపపు పొట్టు. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున మండుతుంది. కొబ్బరి మట్ట భగ్గున లేచి తొందరగా ఆరిపోతుంది. పిడక సన్నగా గంటల తరబడి రగులుతుంది. సరుగుడు కట్టె నిలకడగా మండి గట్టి నిప్పులు మిగుల్చుతుంది. నీళ్లు కాచడంలో ఉన్న సౌలభ్యం ఏమంటే, అన్నం వార్చడానికి, పోపు పెట్టడానికి పనికిరాని చెత్తాచెదారం, తడిసిన కంప, విరిగిన మట్టల వంటివన్నీ దానికి సరిపోతాయి. అందుకే వంట గ్యాసు వచ్చిన తరువాత కూడా పెరట్లో నీళ్ల పొయ్యి మిగిలిపోయింది.

ఊక విషయం కొంత వివరించదగినది. ధాన్యం బరువులో సుమారు అయిదో వంతు ఊకగా పోతుంది గనుక, గోదావరి జిల్లాలలో వాడుకలో ఉన్న 75 కిలోల బస్తాకు 15 కిలోల ఊక వస్తుంది. కిలో ఊకకు దాదాపు 13 మెగాజౌళ్ల వేడి ఉంటుందని లెక్క. ఒక యూనిట్ విద్యుత్తు 3.6 మెగాజౌళ్లతో సమానం. కాలిన తరువాత ఊకలో సుమారు అయిదో వంతు బూడిదగా మిగులుతుంది. ఆ బూడిదలో ఎక్కువ భాగం ఇసుకలో ఉండే సిలికాయే. ఇంత బూడిద ఉన్నందువల్ల ఊక కట్టెలా మంట మీద మంటగా లేవదు; గాలి ఆడకపోతే పొగచూరి చల్లారుతుంది. అందుకని ఊకపొయ్యిలో ఇనుప చువ్వలనో, చిల్లుల రేకునో ఏటవాలుగా అమర్చి, పైనుంచి ఊక జారుతూ ఉండగా కింద బూడిద రాలేటట్టు చేస్తారు. రంపపు పొట్టుకు మరో ఉపాయం ఉంది: డబ్బా మధ్యలో సీసానో, గుండ్రటి కర్రనో నిలబెట్టి, దాని చుట్టూ పొట్టును దిమ్మిస కొట్టినట్టు గట్టిగా కూరి, ఆ కర్రను పైకి లాగేస్తే మిగిలిన బెజ్జం గుండా నిప్పు లోపలి నుంచి అంచుల వైపు నెమ్మదిగా పాకుతూ కొన్ని గంటలు ఆరకుండా ఉంటుంది.

కాగు నుంచి రాగి బాయిలర్ దాకా

మూడు పొయ్యిగడ్డల మీద పాత్ర నిలిపే సాదా పొయ్యిలో వేడిలో అధిక భాగం పాత్రకు అందకుండా పక్కలకు చెదిరిపోతుంది. నీటికి, ఎసటికి చేరేది తరచు పదో వంతు, మహా అయితే ఆరో వంతు. ఈ వృథాను తగ్గించుకొనే తొలి ఉపాయం జంటపొయ్యి. ముందు బెజ్జం కింద మంట పెట్టి, ఆ సెగ వెనుక బెజ్జం గుండా బయటికి పోయేటట్టు మట్టితో దారి కడితే, ముందు అన్నం ఉడుకుతుండగా వెనుక పాత్రలో నీళ్లు కాగుతాయి. వెనుక తొట్టి అనే భావనకు ఈ ప్రాంతంలో అసలు పూర్వరూపం ఇదే. దీనికి దూరపు బంధువు దాలి: నేలలో గుంట చేసి, పిడకలు పేర్చి, పాలకుండను పొద్దస్తమానం సన్నసెగ మీద ఉంచే ఈ ఏర్పాటు వేగం కన్నా నిలకడ ముఖ్యమైన పనికి నిప్పును ఎట్లా అణచి వాడాలో చూపుతుంది.

స్నానపు నీళ్ల కోసం పెరట్లో నూతికి, స్నానాల దొడ్డికి దగ్గరగా ప్రత్యేకంగా పొయ్యి వేసి, రాగి కాగునో, ఇత్తడి గుండిగనో, పాతకాలపు మట్టి బానను గాని దాని మీద స్థిరంగా కూర్చోబెట్టి, చుట్టూ మట్టి మెత్తడం తరువాతి మెట్టు. కర్ణాటకలోని మలెనాడులో స్నానాల గది గోడలోనే రాగి హండెను బిగించి, కట్టెను బయటి నుంచి తోసే పద్ధతి ఉంది. వానలు ఎక్కువగా కురిసే ఆ సీమలో గది లోపల వెచ్చదనం కూడా కోరదగినదే. కొల్లేటి సీమలో ఆ అవసరం లేదు. పైగా తాటాకు కప్పు ఉన్న ఇంటికి నిప్పు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది, పొగగొట్టం గుండా ఎగిరే రవ్వ ఒక్కటి చాలు. నీళ్ల పొయ్యి ఇంటి గోడలోకి రాకుండా పెరట్లోనే ఉండిపోవడానికి ఇది బలమైన కారణం.

రాగి బాయిలర్ ఈ వరుసలో అన్నిటికన్నా తెలివైన పాత్ర. నిలువుగా ఉండే గుండ్రటి పీపాకు నట్టనడుమ ఒక గొట్టం, దాని అడుగున చిల్లుల జల్లెడ, కింద బూడిద రాలే చోటు, పైన పొగ పోయే మూతి ఉంటాయి. గొట్టంలో బొగ్గులు, కొబ్బరి చిప్పలు, పుల్లలు మండుతుంటే దాని చుట్టూ ఉన్న నీళ్లు అన్ని వైపుల నుంచి వేడిని అందుకుంటాయి. మంట పాత్ర కింద కాక పాత్ర కడుపులోనే ఉండటం వల్ల పక్కలకు పోయే సెగ బాగా తగ్గుతుంది. రష్యా సమోవార్, మహారాష్ట్ర బంబ్ ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. కొన్ని రకాలలో చన్నీళ్లు పోసే గరాటు గొట్టం అడుగు దాకా దిగి ఉంటుంది. పైనుంచి చెంబెడు చన్నీళ్లు పోస్తే అవి అడుగున చేరి, పైనున్న చెంబెడు వేణ్ణీళ్లను పక్క మూతి గుండా బయటికి నెడతాయి. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు అన్న సామెతకు ఇంతకన్నా యథాతథమైన యంత్రరూపం దొరకదు. ఈ పద్ధతిలో పాత్ర ఎప్పుడూ ఖాళీ కాదు, మూతి ఎప్పుడూ మూసుకోదు. ఈ రెండు గుణాలే దానికి రక్షణ.

ఇటువంటి పాత్రల పనికి తనుకు సమీపంలో, పెరవలి మండలంలోని అజ్జరం గ్రామం ఇత్తడి సామానుకు ప్రసిద్ధి పొందింది. 2022 విభజన తరువాత ఆ మండలం తూర్పు గోదావరి జిల్లాలో చేరింది. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చిన తరువాత ఇళ్లలోని రాగి ఇత్తడి సామాను చాలా భాగం పాత సామాను కొట్లకు తరలిపోయినా, తలంటుకు, బాలింత స్నానానికి వావిలాకు వేసి నీళ్లు కాచేందుకు కాగు చాలా ఇళ్లలో నిలిచి ఉంది.

బ్రిటన్‌లో గోడ వెనుక పెట్టె

బ్రిటన్‌లో గదిని వెచ్చబెట్టే బొగ్గు నిప్పు ఇంటి నడుమ గోడలో ఉండేది. దాని వెనుక పోత ఇనుముతోనో రాగితోనో చేసిన చిన్న నీటి పెట్టెను బిగించి, రెండు గొట్టాలతో పై అంతస్తులోని రాగి పీపాకు కలిపేవారు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ పురపాలక సంఘాలు కట్టించిన ఇళ్లలో ఇది బాగా వ్యాపించింది. 1960ల తరువాత బాక్సి సంస్థ తెచ్చిన బెర్ముడా వంటి గ్యాసు నమూనాలలో పెట్టె నిప్పుగూటి వెనుకనే ఉండిపోయింది గాని బొగ్గు పోయింది. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో కొత్తగా అమర్చే గ్యాసు బాయిలర్లు పొగలోని ఆవిరిని కూడా చల్లార్చి వేడి రాబట్టే రకానివై ఉండాలన్న నిబంధన రావడంతో ఈ పద్ధతి ఆచరణలో ముగిసింది.

అక్కడి లెక్కకు, ఇక్కడి లెక్కకు ఒక మౌలికమైన తేడా ఉంది. చలిదేశంలో నీటి పెట్టె గుంజుకొన్న ప్రతి పాలు వేడి గదికి తగ్గినట్టే. అందువల్ల నీళ్లా, వెచ్చదనమా అన్న పోటీ తప్పదు. పుష్య మాసపు తెల్లవారుజామున కూడా సాధారణంగా పదిహేను డిగ్రీలకు పైనే ఉండి, వైశాఖంలో నలభై దాటే ఏలూరులో వంటగదికి చేరే వేడి అంతా బాధే. ఆ వేడిని నీటి ద్వారా గది బయటికి పంపగలిగితే నీళ్లు కాగడంతో పాటు వంటచేసేవారికి ఉపశమనం కూడా కలుగుతుంది. వెనుక తొట్టికి పుట్టినిల్లు ఇంగ్లండు అయినా, కేవలం వేడి లెక్క చూస్తే డెల్టా వంటగదే దానికి తగిన చోటు. ఆచరణలో అడ్డువచ్చేవి వేరే సంగతులు.

తెలుగునేల మీద ఇదే దిశలో జరిగిన గట్టి ప్రయత్నం హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయానిది. దాని సంచాలకుడు డాక్టర్ ఎస్. పి. రాజు రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అన్న పుస్తకంలో వివరించిన పొగలేని పొయ్యి, ఒకే మంట సెగను వరుసగా పాత్రల కింద నడిపించి, చివరకు పొగగొట్టంలోకి వదిలే మట్టి నిర్మాణం. వార్ధాలోని మగన్‌వాడి పేరుతో వచ్చిన మగన్ పొయ్యి దీనికి సహోదరి. 1980లలో కేంద్ర ప్రభుత్వం చేపట్టి 2002లో విరమించిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం ఈ భావాన్నే ఊరూరా తీసుకుపోయింది. మసి పట్టిన గొట్టాలను శుభ్రం చేయకపోవడం, బెజ్జాల కొలత ఇంట్లో ఉన్న గిన్నెలకు సరిపడకపోవడం, మట్టి పగుళ్లు పూడ్చకపోవడం వల్ల ఆ పొయ్యిలలో ఎన్నో మూలపడ్డాయి. ఉన్న పొయ్యికి తొట్టి చేర్చాలనుకొనేవారికి ఆ అనుభవం నేటికీ పాఠమే, ఎందుకంటే తొట్టి చేరితే శుభ్రం చేయవలసిన చోట్లు ఇంకా పెరుగుతాయి.

ఉన్న పొయ్యికి తొట్టి చేర్చడం

ఇందులో రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి, తొట్టినే పొయ్యి దగ్గర పెట్టి, అందులోని నీళ్లను ముంచుకోవడం లేదా కుళాయి తిప్పి పట్టుకోవడం. రెండు, పొయ్యి దగ్గర చిన్న పెట్టె లేదా రాగి గొట్టపు చుట్టను మాత్రమే ఉంచి, నీళ్లు నిలువ ఉండే డ్రమ్మును పైన వేరే చోట అమర్చడం. రెండో దానిలో నీటిని తిప్పడానికి మోటారు అక్కరలేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి, చల్లని నీరు బరువై కిందికి నడవడం వల్ల దానంతట అదే ప్రవాహం ఏర్పడుతుంది. మిద్దెల మీది సౌర వేడినీళ్ల పరికరాలు కూడా చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తాయి.

అయితే ఈ ప్రవాహాన్ని నడిపే బలం చాలా తక్కువ. 30 డిగ్రీల నీరు ఘనమీటరుకు సుమారు 995.7 కిలోలు తూగితే, 60 డిగ్రీల నీరు 983.2 కిలోలు తూగుతుంది. పెట్టెకు, డ్రమ్ముకు మధ్య మీటరున్నర ఎత్తు ఉంటే ఈ తేడా వల్ల కలిగే ఒత్తిడి 19 మిల్లీమీటర్ల నీటిమట్టానికి మించదు. ఇంత సన్నని బలం మీద నడిచే నీటికి గొట్టంలో ఒక మలుపు, ఒక కుంగుడు, ఒక గాలి బుడగ కూడా అడ్డంకే. అందువల్ల గొట్టం పొట్టిగా, అంగుళానికి తగ్గని వెడల్పుతో, పెట్టె నుంచి డ్రమ్ము దాకా ఎక్కడా కిందికి దిగకుండా ఎగువాలుగా నడవాలి. వేడి గొట్టం పెట్టె నెత్తి నుంచి బయలుదేరి డ్రమ్ము పైభాగంలో చేరాలి. చల్లని గొట్టం డ్రమ్ము అడుగు నుంచి బయలుదేరి పెట్టె అడుగున చేరాలి. ఈ రెండింటి మీద ఎక్కడా తిప్పి కట్టేసే వాల్వు ఉండరాదు. డ్రమ్ము పొయ్యి కన్నా కింద ఉంటే నీరు తిరగదు. ఇంటి మేస్త్రీలు తరచు చేసే పొరపాటు ఇదే.

గొట్టాల రకం కూడా ఆలోచించవలసిందే. ఊళ్లలో మామూలుగా వాడే తెల్ల పీవీసీ గొట్టం అరవై డిగ్రీల దగ్గరకు రాగానే మెత్తబడుతుంది. వేణ్ణీళ్లకు ఉద్దేశించిన సీపీవీసీ కూడా నిప్పు పక్కన నిలవదు గనుక, పెట్టె నుంచి బయలుదేరే భాగమైనా రాగిదో ఇనుముదో కావాలి. రాగి పెట్టెను జస్తు పూత పూసిన ఇనుప గొట్టానికి సూటిగా బిగిస్తే, ఆ రెండు లోహాల మధ్య నీటి ద్వారా జరిగే రసాయన చర్య వల్ల ఇనుము త్వరగా తినివేయబడుతుంది. ఉప్పునీరు ఈ చర్యను ఇంకా వేగిరపరుస్తుంది. ఉప్పుటేరు గుండా సముద్రపు పోటు ఎగదన్నే కొల్లేటి దిగువ గ్రామాలలో బోరునీటిలో ఉప్పు, సున్నం ఎక్కువ గనుక, అక్కడ ఇనుప పెట్టెకు ఆయువు తక్కువ. చలిదేశంలో గొట్టం గడ్డకట్టి మూసుకుపోతుంది. ఇక్కడ ఆ భయం లేకపోయినా, సున్నపు పొర పేరుకొని, కాలువ నీటి ఒండ్రు అడుగున చేరి అదే పని చేస్తాయి. పెట్టె అడుగున కడిగి వదిలే కుళాయి ఒకటి ఉండటం ఇక్కడ తప్పనిసరి. రాగి పాత్ర లోపలి సున్నపు పొరను చింతపండు పులుసు కొంతవరకు విడగొడుతుందన్నది గృహిణులకు తెలిసినదే. మూసిన పెట్టెలోకి చెయ్యి పోదు కాబట్టి ఆ సౌకర్యం కాగుకు మాత్రమే ఉంటుంది.

పెట్టెను ఎక్కడ ఉంచాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మంటకు ఎంత దగ్గరైతే అంత మేలని తోచడం సహజం, కాని ఊక, పిడక, కంప మండే పొయ్యిలో అది నిజం కాదు. నీరు ఉన్న లోహపు గోడ వంద డిగ్రీలకు అటూ ఇటూ మాత్రమే వేడెక్కుతుంది. కట్టె నుంచి వెలువడే వాయువులు పూర్తిగా కాలాలంటే అనేక వందల డిగ్రీల వేడి కావాలి. మంట మధ్యలో ఇంత చల్లని గోడను నిలిపితే ఆ వాయువులు సగం కాలి, పొగగా, జిగురు మసిగా ఆ గోడకే అంటుకుంటాయి. కొన్నాళ్లకు ఆ మసి పొరే సెగను నీటికి చేరనివ్వని దుప్పటి అవుతుంది, వంట పాత్ర కింద మంట కూడా నీరసిస్తుంది. మంట తన పని ముగించి, సెగ పొగగొట్టం వైపు తిరిగిన చోట, జంటపొయ్యిలో వెనుక బెజ్జం ఉండే చోటే తొట్టికి తగిన స్థానం. ఊళ్లో మట్టిపొయ్యి వేసేవారు ఏ కొలమానమూ లేకుండా కనిపెట్టిన చోటు అదే కావడం గమనించదగినది.

లెక్కకు ఒక ఉదాహరణ: నలుగురి కుటుంబానికి మనిషికి 20 లీటర్ల చొప్పున 80 లీటర్ల నీటిని 25 నుంచి 42 డిగ్రీలకు తేవడానికి సుమారు 5.7 మెగాజౌళ్లు, అంటే 1.6 యూనిట్ల విద్యుత్తుతో సమానమైన వేడి కావాలి. ఎండిన కట్టె కిలోకు 15 మెగాజౌళ్లు, పొయ్యి సామర్థ్యం నూటికి 15 అనుకొంటే, వేరే పొయ్యి మీద ఈ నీటికే రెండున్నర కిలోల కట్టె ఖర్చవుతుంది. ఊకపొయ్యి కూడా ఇదే సామర్థ్యంతో మండితే, ఒక బస్తా ధాన్యానికి వచ్చిన ఊక ఆ కుటుంబం స్నానాలకు అయిదు రోజులు సరిపోతుంది. రోజుకు మూడు కిలోల కట్టెతో వంట సాగే ఇంట్లో అయితే, వంటకు పోగా మిగిలే దాదాపు 38 మెగాజౌళ్లలో ఆరో వంతును వెనుక తొట్టి పట్టగలిగినా స్నానాల అవసరం తీరిపోతుంది. కాగితం మీద ఇది మేలైన బేరమే. అసలు చిక్కు వేళలో ఉంది: స్నానాలు తెల్లవారుజామున, వంట ఆ తరువాత. నిన్నటి రాత్రి వంట సెగతో కాగిన నీళ్లను తెల్లవారేదాకా వెచ్చగా నిలపాలంటే డ్రమ్ము చుట్టూ వేడిని ఆపే పొర కావాలి. ఆ పనికి ఎండు ఊక చక్కగా పనికివస్తుంది. పెద్ద డ్రమ్ములో చిన్న డ్రమ్మును దించి, నడుమ జానెడు మందాన ఊక కూరి, తడి తగలకుండా పైన మూస్తే సరిపోతుంది.

ప్రమాదాలు

నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 100 లీటర్ల నీరు 25 నుంచి 75 డిగ్రీలకు చేరేసరికి రెండు లీటర్లకు పైగా పెరుగుతుంది. దానికి పోయే దారి లేకపోతే పాత్ర ఉబ్బి అతుకులు విడిపోతాయి. మరిగితే సంగతి ఇంకా తీవ్రం: ఒక లీటరు నీరు మామూలు వాతావరణ పీడనం వద్ద సుమారు 1,700 లీటర్ల ఆవిరి అవుతుంది. అందుచేత డ్రమ్ము నెత్తి నుంచి ఎప్పుడూ తెరిచి ఉండే గొట్టం ఒకటి ఆకాశంలోకి పోవాలి. దానికి మూత గాని కుళాయి గాని బిగించరాదు. ఆ గొట్టం చివరను మిద్దె మీది ప్లాస్టిక్ నీటి ట్యాంకులోకి వంచడం కూడా తగదు, ఉడుకునీరు పొంగితే ఆ ట్యాంకు మెత్తబడి కూలే ప్రమాదం ఉంది.

నీరు లేకుండా పెట్టె మండటం మరొక ఆపద. గోదావరి కాలువలను వేసవిలో మరమ్మతుల కోసం కట్టేసినప్పుడు చెరువు నీరు తగ్గడం, కరెంటు పోయి మోటారు ఆడకపోవడం, మిద్దె మీది ట్యాంకు ఖాళీ కావడం ఈ ప్రాంతంలో అరుదైన సంగతులు కావు. అట్లా ఎండిన పెట్టె నిప్పు సెగకు బాగా కాలి ఉన్నప్పుడు నీళ్లు వదిలితే అవి క్షణంలో ఆవిరై పెట్టె పగులుతుంది. పెట్టె ఎండిందని తెలిసినప్పుడు నిప్పు ఆర్పి, లోహం పూర్తిగా చల్లబడేదాకా ఆగి, ఆ తరువాతే నీళ్లు పట్టాలి. బ్రిటన్‌లో వాడకం మానేసిన పెట్టెలను గోడలోనే ఉంచి గొట్టాలకు బిరడాలు బిగించి వదిలేయగా, ఏళ్ల తరువాత మరెవరో ఆ నిప్పుగూట్లో మంట వేసినప్పుడు అవి పేలి ప్రాణనష్టం జరిగిన ఉదంతాలు ఉన్నాయి. వాడని తొట్టిని తీసివేయాలి. తీయలేకపోతే నీరు పూర్తిగా వదిలి, అందులో ఆవిరి నిలవకుండా పెద్ద బెజ్జమైనా వేయాలి.

చట్టం దృష్టిలో ఇంటి తొట్టి బాయిలర్ కాదు. 1923 నాటి భారత బాయిలర్ల చట్టం ఆవిరి పీడనంతో పనిచేసే మూసిన పాత్రలకు ఉద్దేశించినది. 25 లీటర్లకు లోపు పాత్రలను, నీటిని వంద డిగ్రీలకు లోపే వేడిచేసే వాటిని 2007 సవరణ దాని పరిధి నుంచి తప్పించింది. 2025లో కొత్త బాయిలర్ల చట్టం దాని స్థానంలో వచ్చింది. ఉప్పుడు బియ్యం మిల్లులో ఊకతో నడిచే ఆవిరి బాయిలర్‌కు తనిఖీ, ధ్రువపత్రం, అర్హత గల నిర్వాహకుడు ఉండాలి. ఊళ్లో వెల్డింగు షాపులో చేయించుకొన్న పెట్టెకు ఇవేవీ లేవు. కాబట్టి అది బాయిలర్ కాకుండా చూసుకొనే పూచీ ఇంటివారిదే.

నేటి స్థితి

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన దీపం పథకం, 2016లో కేంద్రం మొదలుపెట్టిన ఉజ్జ్వల పథకం వంటను గ్యాసు వైపు మళ్లించాయి. స్నానపు నీళ్లకు గ్యాసు ఖర్చు చేయడానికి మాత్రం మధ్యతరగతి ఇల్లు కూడా వెనుకాడుతుంది. ఫలితంగా వంట గదిలోకి, నీళ్ల పొయ్యి పెరట్లోకి విడిపోయి, ఒకే నిప్పుతో రెండు పనులు జరిపే వెనుక తొట్టికి ఆధారమైన జంట బంధమే తెగిపోయింది. ఊక కూడా ఊరికే దొరికే రోజులు పోయాయి. మిల్లు బాయిలర్లు, ఇటుక బట్టీలు, జీవద్రవ్యంతో నడిచే విద్యుత్ కేంద్రాలు దానికి ధర కట్టాయి. పట్టణాలలో గీజరు, నీటిలో ముంచే హీటరు కడ్డీ, మిద్దె మీద సౌర పలకలు మిగతా పని పూర్తి చేశాయి.

వంట గ్యాసు మీద సాగే ఇంటికి వెనుక తొట్టి కట్టించడం దండుగ. అటువంటి ఇంటికి ఎండ ఉన్నంతకాలం సౌర పరికరమో, పెరట్లో చెత్త కంప మండించుకొనే రాగి బాయిలరో సరిపోతాయి. ఊక, కట్టె రోజంతా ఆరని కాకా హోటళ్లు, పిండివంటల కేంద్రాలు, పెళ్లివంటల గాడిపొయ్యిలు ఉన్న షెడ్లు మాత్రం దీనికి ఇప్పటికీ తగిన చోట్లు. అక్కడ గిన్నెలు కడగడానికి వేణ్ణీళ్లు పొద్దంతా కావాలి, వేళ చిక్కు లేదు. అక్కడైనా మంట వెనుక కాక పొగదారి మొదట్లో, నెత్తి మూయని రాగి తొట్టినే పెట్టించాలి.